డీఎన్‌ఎస్, సీడీఎన్ పనులకు ఏఐ: ఎంసీపీయా, టోకెనా, గిట్టా? ఏది మేలు?

ఈ మధ్య తెలిసినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. డీఎన్‌ఎస్ (సైటు పేరును సర్వర్ చిరునామాకు కలిపే వ్యవస్థ) రికార్డులు, సీడీఎన్ (సైటు కాపీలను చూసేవాళ్లకు దగ్గరి సర్వర్ల నుంచి అందించే నెట్‌వర్క్) సెట్టింగులు చూసుకునే పనిలోకి ఏఐ అసిస్టెంట్‌ను తెచ్చుకోవాలంటే ఏ దారిన తెచ్చుకోవాలి? ప్రొవైడర్ ఇచ్చే ఎంసీపీ (అసిస్టెంట్‌ను బయటి సేవలకు కలిపే పద్ధతి) సర్వర్‌కు కలపాలా, ఏపీఐ టోకెన్ (ప్రోగ్రాములకు ఇచ్చే తాళంచెవి) చేతికిచ్చి కమాండ్ లైన్‌లో నడపమనాలా, లేక జోన్ (ఒక డొమైన్ రికార్డులన్నీ) మొత్తాన్ని గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే పరికరం) పెట్టి అసిస్టెంట్‌తో పుల్ రిక్వెస్ట్ (మనిషి చూసి ఒప్పుకోవాల్సిన మార్పు ప్రతిపాదన) వరకే చేయించాలా? మూడూ వాడి చూశాను. ఇప్పుడు నేను దేన్ని పట్టుకున్నానో చెప్పేముందు, దానికి కారణమైన పొరపాటు చెప్పాలి.

ఒక జోన్‌లో ఏళ్ల తరబడి పాత రికార్డులు పేరుకుపోయి ఉన్నాయి. టోకెన్ ఇచ్చి, "ఎవరూ వాడని రికార్డులు తీసెయ్" అన్నాను. కాసేపట్లో జోన్ శుభ్రమైంది. మర్నాటికి మేం పంపే ఇన్‌వాయిస్ మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. వెతికితే, పోయిన వాటిలో పేరు చివర 'డొమైన్‌కీ' అని ఉండే టీఎక్స్‌టీ (వచనం దాచే) రికార్డు ఒకటి కనబడింది. మెయిల్ నిజంగా మా డొమైన్ నుంచే వచ్చిందని చూపే డీకిమ్ సంతకాన్ని సరిచూడాలంటే అందులో ఉండే పబ్లిక్ కీయే ఆధారం. ఆ కీ ఏ సర్వీసు కోసం పెట్టారో జోన్‌లో ఎక్కడా రాసి లేదు. రికార్డులను ఎంతసేపు చదివినా, వాటి వెనుక ఎవరున్నారో అసిస్టెంట్‌కు తెలిసే దారే లేదు. కొత్తగా చేరిన ఇంజినీర్‌కైనా అంతే.

అప్పటి నుంచి నేను ఈ మూడు దారులనూ ఒకే కొలతతో చూస్తున్నాను: తప్పు జరిగితే వెనక్కి తీసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

సీడీఎన్ వైపు ఇది చాలావరకు తేలిక. ఫాస్ట్‌లీలో సర్వీస్ కాన్ఫిగరేషన్‌కు వెర్షన్లుంటాయి, తేడా వస్తే పాత వెర్షన్‌ను మళ్లీ యాక్టివేట్ చేస్తే సరిపోతుంది. అకమాయ్‌లోనూ ప్రాపర్టీకి (సైటు సెట్టింగుల కట్టకు) వెర్షన్లున్నాయి, పైగా ముందు స్టేజింగ్ (ప్రయోగ) నెట్‌వర్క్‌లో చూసుకోవచ్చు. పొరపాటున కాష్ (దాచిన కాపీలు) మొత్తం పర్జ్ అయి చెరిగిపోయినా ఆరిజిన్ (మన అసలు సర్వర్) మీద కొంతసేపు భారం పడుతుంది, తర్వాత కాష్ దానంతటదే నిండుతుంది. పెద్ద సైటుకు ఆ కొంతసేపు కూడా కష్టమే, కానీ అది గడిచిపోయే కష్టం.

డీఎన్‌ఎస్ అలా కాదు. మన సర్వర్ ఒకసారి జవాబిచ్చాక ఆ జవాబు ప్రపంచంలోని రిజాల్వర్ల (జనం తరఫున పేర్లు వెతికిపెట్టే సర్వర్ల) దగ్గర టీటీఎల్ (దాచుకునే గడువు) తీరేదాకా ఉండిపోతుంది, దాన్ని వెనక్కి పిలిచే మీట మన దగ్గర లేదు. డాట్ కామ్ జోన్‌లో ఎన్‌ఎస్ (డొమైన్‌కు జవాబిచ్చే సర్వర్లేవో చెప్పే) రికార్డుల టీటీఎల్ 172800 సెకన్లు, అంటే రెండు రోజులు. డీఎస్ (డొమైన్ జవాబులకు సంతకం ఉండాలని చెప్పే) రికార్డులకు 86400, ఒక రోజు. 2021 సెప్టెంబరు 30న ఆఫీసు చాట్ సేవ స్లాక్‌కు జరిగింది ఇదే. డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబులకు సంతకం పెట్టే పద్ధతి) అమలులో ఇబ్బంది రావడంతో డీఎస్ రికార్డు తీసేశారు, కానీ పాత డీఎస్‌ను దాచుకున్న రిజాల్వర్లు లేని సంతకాల కోసం వెతుకుతూ ఆ డొమైన్‌కు జవాబివ్వడం మానేశాయి. వెనక్కి తీసుకోబోయిన అడుగే అక్కడ అసలు దెబ్బ అయింది. రికార్డును తీసేసి వెంటనే మళ్లీ పెట్టినా నిశ్చింత లేదు. ఆ మధ్యలో అడిగిన రిజాల్వర్ "ఆ పేరు లేదు" అన్న జవాబును కూడా దాచుకుంటుంది. ఎంతసేపన్నది జోన్ మూల వివరాలుండే ఎస్‌ఓఏ రికార్డును బట్టి ఉంటుంది.

ఈ కొలతతో ముందు ఎంసీపీని చూద్దాం. ఆంత్రోపిక్ 2024 నవంబరులో దీన్ని బయటపెట్టింది, క్లౌడ్‌ఫ్లేర్ లాంటి ప్రొవైడర్లు సొంత రిమోట్ సర్వర్లు నడుపుతున్నారు. లాగిన్ అయి అనుమతి ఇస్తే చాలు, టోకెన్‌ను ఎక్కడా కాపీ చేయక్కర్లేదు. చదివే పనులకు దీన్ని మించింది నాకు కనబడలేదు. "గత గంటలో 500 శ్రేణి ఎర్రర్లు (సర్వర్ వైపు తప్పులు) ఏ హోస్ట్‌నేమ్ మీద పెరిగాయి?" అని అడిగితే నాలుగు డాష్‌బోర్డులు తిరిగే పని తప్పుతుంది.

రాసే పనుల దగ్గర నాకు భయం. రికార్డు తీసేయబోతూ అసిస్టెంట్ అనుమతి అడిగినప్పుడు ఆ పెట్టెలో నాకు కనబడింది రికార్డు పేరు కాదు, 32 అక్షరాల ఐడీ. దేనికి సరే అంటున్నానో నాకే తెలియదు. అలాంటివి ఇరవై వచ్చాక ఎవరి చేయైనా "ఎప్పుడూ అనుమతించు" మీదకే పోతుంది. ఇంకో సంగతి: లాగుల్లోని (సైటుకు వచ్చిన అభ్యర్థనల చిట్టాల్లోని) యూజర్ ఏజెంట్ (వచ్చిన బ్రౌజర్ తన పేరు చెప్పుకునే) వరుస బయటివాడు రాసి పంపిన వాక్యం. అందులో వాడు అసిస్టెంట్‌కు ఆదేశం రాసి పంపవచ్చు. ఆ లాగు చదివే సంభాషణలోనే డీఎన్‌ఎస్ మార్చే హక్కు కూడా ఉంటే, తలుపు తీసి పెట్టినట్టే.

టోకెన్, కమాండ్ లైన్ దారికి ఒక గొప్ప సుగుణం ఉంది. అసిస్టెంట్ 'డిగ్' (డీఎన్‌ఎస్‌ను ప్రశ్నించే కమాండ్) నడిపి అథారిటేటివ్ సర్వర్ (జోన్ అసలు ప్రతి ఉండే సర్వర్) ఏం చెబుతోందో, పబ్లిక్ రిజాల్వర్ ఏం చెబుతోందో పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. సమస్య వెతకడంలో దీనికి సాటి లేదు. ప్రమాదం ఎంతన్నది టోకెన్ పరిధిని బట్టి ఉంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ టోకెన్‌ను ఒక్క జోన్‌కు కట్టేయవచ్చు, గడువు పెట్టవచ్చు, ఫలానా ఐపీ నుంచే అనవచ్చు, కానీ ఒక్క రికార్డుకు కుదించలేం. అమెజాన్ డీఎన్‌ఎస్ సేవ రూట్ 53లో 2022 నుంచి ఐఏఎం (అనుమతుల వ్యవస్థ) షరతులతో రికార్డు పేరు, రకం, చర్య దాకా బిగించవచ్చు. సర్టిఫికెట్ల కోసం పెట్టే ఒక్క టీఎక్స్‌టీ పేరునే మార్చగలిగి, ఏదీ తీసేయలేని హక్కు ఇవ్వవచ్చు. అంత బిగింపు ఉంటే నాకూ అభ్యంతరం లేదు. ఖాతా మొత్తానికి చెల్లే గ్లోబల్ ఏపీఐ కీని మాత్రం ఏ పరిస్థితిలోనూ ఇవ్వకండి.

ఇక నేను పట్టుకున్న దారి గిట్. ఫైలులో రాసిన జోన్‌ను ప్రొవైడర్‌కు చేర్చే పరికరాల్లో గిట్‌హబ్‌లో పుట్టిన ఆక్టోడీఎన్‌ఎస్ గానీ, స్టాక్ ఓవర్‌ఫ్లోలో పుట్టిన డీఎన్‌ఎస్‌కంట్రోల్ గానీ తీసుకోండి. అసిస్టెంట్ ఫైలు మార్చి పుల్ రిక్వెస్ట్ పెడుతుంది. ఏ పేరు పోతోంది, ఏ చిరునామా 192.0.2.10 నుంచి 203.0.113.10కి మారుతోంది అన్నది మనిషి చదివే వరుసల్లో ముందే కనబడుతుంది. రాసే టోకెన్ సీఐలోనే (ఒప్పుకున్న మార్పులను తనంతట తానే అమలు చేసే వ్యవస్థలోనే) ఉంటుంది, అసిస్టెంట్‌కు చేరదు. ఆక్టోడీఎన్‌ఎస్‌లో ఇంకో కాపలా ఉంది: పదికి తక్కువ కాని రికార్డులున్న జోన్‌లో 30 శాతానికి మించి మార్పులో తొలగింపులో కనబడితే, ప్రత్యేకంగా బలవంతం చేస్తే తప్ప ముందుకు కదలదు. నా "శుభ్రం" రోజున ఇది ఉండి ఉంటే ఆ తొలగింపులన్నీ ముందు నా కళ్ల ముందుకు వచ్చేవి.

ఇబ్బందులూ ఉన్నాయి. నిమిషంలో అయ్యే పనికి రివ్యూ కోసం ఎదురుచూడాలి. ఎవరైనా డాష్‌బోర్డులో నేరుగా చేర్చిన రికార్డును, ఫైలులో లేదు కాబట్టి, డీఎన్‌ఎస్‌కంట్రోల్ తీసేస్తుంది, వద్దని ముందే చెప్పి ఉంచితే తప్ప. మొదటి రోజే ఆ జాగ్రత్త పడాలి. టెర్రాఫామ్‌తోనూ (సర్వర్లు, సేవలన్నిటినీ ఫైళ్లతో నడిపే పరికరం) ఇదంతా చేయవచ్చు, కానీ అందులో రిసోర్స్ పేరు మార్చి 'మూవ్డ్' బ్లాక్ (పేరు మాత్రమే మారిందని చెప్పే వరుసలు) రాయడం మరిస్తే ఉన్న రికార్డును తీసేసి కొత్తది పెడుతుంది. ఆ సందులోనే "లేదు" అన్న జవాబు రిజాల్వర్లలో కూర్చుంటుంది. అందుకే డీఎన్‌ఎస్ వరకు జోన్‌ను మొత్తంగా చూసే పరికరాలే నాకిష్టం.

బ్రౌజర్‌ను నడిపే ఏజెంట్‌తో డాష్‌బోర్డు నొక్కించడం గురించి కూడా అడుగుతున్నారు. డీఎన్‌ఎస్‌కు వద్దు. పది రికార్డులున్న ఒక్క జోన్ అయితే, జోన్ ఫైలును చాట్‌లో అతికించి సలహా అడిగి, మార్పు మీరే చేసుకుంటే చాలు.

ఇప్పుడు నా దగ్గర ఎంసీపీకి చదివే హక్కు మాత్రమే ఉంది. కమాండ్ లైన్‌లో అసిస్టెంట్‌కు కాష్ పర్జ్ ఒక్కటే చేయగల టోకెన్ ఇచ్చాను. డీఎన్‌ఎస్ మార్పులన్నీ గిట్ గుండానే. ఎన్‌ఎస్, డీఎస్, ఎంఎక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే) రికార్డులను తాకితే ఇంకొకరు కూడా చూడాలి. ప్రతి రికార్డు పైన ఒక కామెంట్ రాసుకున్నాం: ఎవరి కోసం, ఎప్పటి నుంచి, తీయాలంటే ఎవరిని అడగాలి. మొన్న మళ్లీ అదే శుభ్రం పని చెప్పాను. అసిస్టెంట్ మూడు రికార్డులు తీయవచ్చని పుల్ రిక్వెస్ట్ పెట్టి, నాలుగో దాన్ని ముట్టుకోకుండా కింద ఒక వరుస రాసింది: "దీనికి కామెంట్ లేదు, ఇది ఎవరిది?" నాకూ తెలియలేదు. రెండు రోజులు అడగ్గా అడగ్గా, అది పేమెంట్ల బృందం వాళ్ల డొమైన్ ధ్రువీకరణ రికార్డని తేలింది.