పెన్‌డ్రైవ్‌గా రాస్‌ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ: పనికొస్తుంది, కానీ ఫార్మాట్ దగ్గర జాగ్రత్త

2021లో 15 డాలర్ల ధరతో వచ్చిన ఈ చిన్న కంప్యూటర్ బోర్డుని కంప్యూటర్‌కి గుచ్చితే పెన్‌డ్రైవ్‌లా కనిపించేలా చేయొచ్చు. వైఫైలో పంపిన ఫైళ్లు టీవీలోనో సీఎన్‌సీ మెషీన్‌లోనో (కంప్యూటర్ ఆదేశాలతో కోతపని చేసే యంత్రం) తెరుచుకోవాలంటే ఇది చవకైన దారి. హార్డ్‌వేర్‌కి వంక లేదు. తిప్పలన్నీ సెట్టింగుల్లోనే.

బోర్డు మీద రెండు మైక్రో యూఎస్‌బీ పోర్టులుంటాయి. అంచు వైపున్నది పవర్‌కే. కేబుల్ హెచ్‌డీఎంఐ వైపున్న దానికి పెట్టాలి, అదీ డేటా కేబులై ఉండాలి. ఛార్జింగ్ కేబుల్‌తో బోర్డు ఆన్ అవుతుంది, డ్రైవ్ మాత్రం రాదు.

బోర్డు ఆన్ అవుతూ చదివే కాన్ఫిగ్ ఫైల్‌లో డీడబ్ల్యూసీ2 ఓవర్‌లే (యూఎస్‌బీ పోర్టుని పరికరంలా పనిచేయించే సెట్టింగు లైన్) చేర్చాలి. రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వర్మ్ వెర్షన్ నుంచి ఆ ఫైల్ బూట్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉంటోంది. అందులో ఇలాంటి లైనే కంప్యూట్ మాడ్యూల్ (వేరే రకం పై బోర్డు) విభాగం కింద హోస్ట్ మోడ్‌తో (పరికరంగా కాక, పరికరాలు తగిలించుకునే కంప్యూటర్‌గా) కనిపించవచ్చు. అది చూసి మోసపోవద్దు, మన లైన్ చివరి 'ఆల్' విభాగం కిందే పడాలి. తర్వాత రీబూట్ చేసి, ఇమేజ్ ఫైల్ (డ్రైవ్‌గా కనిపించబోయే పెద్ద ఫైల్) పేరు ఇచ్చి, బోర్డుని పెన్‌డ్రైవ్‌లా చూపించే మాస్ స్టోరేజ్ గాడ్జెట్ మాడ్యూల్‌ని లోడ్ చేయాలి. మాడ్యూల్ లోడ్ చేసేటప్పుడు రిమూవబుల్ విలువ 1 ఇవ్వకపోతే విండోస్ దాన్ని లోపలి హార్డ్‌డిస్క్‌లా చూస్తుంది.

ఇక ఇమేజ్ సంగతి. 2 జీబీ ఖాళీ ఫైల్ చేసి, దాన్నే నేరుగా ఫార్మాట్ చేసేయడం చాలామంది చేసే పని. లినక్స్, మ్యాక్ సర్దుకుపోతాయి గానీ పార్టిషన్ టేబుల్ (డ్రైవ్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) లేని డ్రైవ్‌ని కొన్ని టీవీలూ కారు స్టీరియోలూ పట్టించుకోవు. అందుకే ఎంబీఆర్ రకం పార్టిషన్ టేబుల్ రాసి, 2048వ సెక్టార్ నుంచి 'సీ' రకం (ఫ్యాట్32 కోసం) పార్టిషన్ ఒకటి పెట్టి, ఇమేజ్‌ని లూప్ డివైస్‌గా (లినక్స్‌కి డిస్క్‌లా కనిపించేలా) తగిలించి, ఆ పార్టిషన్‌ని మాత్రమే ఫ్యాట్32 చేయాలి. ఇమేజ్ మరీ చిన్నదైతే, ఓ 30 ఎంబీ అనుకుందాం, ఫ్యాట్32 వద్దు. క్లస్టర్లు (ఫైళ్లని దాచే చిన్న గడులు) 65,525కి తగ్గితే విండోస్ దాన్ని ఫ్యాట్16 అనుకుని తికమకపడుతుంది. అలాంటప్పుడు ఫ్యాట్16నే పెట్టండి.

ఫ్యాట్32లో పట్టని, 4 జీబీ దాటే ఫైళ్లుంటే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ వాడాలి. లినక్స్ కెర్నల్ 5.7 నుంచి దీనికి మంచి డ్రైవర్ ఉంది, విండోస్, మ్యాక్ రెండూ రాయగలవు. పాత టీవీల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. విండోస్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మ్యాక్ చదువుతుందే తప్ప రాయదు. లినక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4ని మామూలు విండోస్, మ్యాక్‌లు రెండూ గుర్తించవు.

అసలు ప్రమాదం వేరే ఉంది. కంప్యూటర్‌కి ఇది ఫైళ్ల సర్వర్ అని తెలియదు, డిస్క్ మొత్తం తనదే అనుకుని చదివినదాని నకలు (క్యాష్) తన దగ్గర పెట్టుకుంటుంది. రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు నుంచి కొత్త ఫైల్ వేస్తే కంప్యూటర్‌లో కనిపించదు. బోర్డు, కంప్యూటర్ రెండూ ఒకేసారి రాస్తే ఫ్యాట్ టేబుల్ (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక) చెడుతుంది. పద్ధతి ఇదీ: కంప్యూటర్‌లో ఎజెక్ట్, బోర్డులో మాడ్యూల్ తీసేయడం, ఇమేజ్‌ని అక్కడే మౌంట్ చేసి (తెరిచి) కాపీ, సింక్ (రాయాల్సింది పూర్తిగా రాయించడం), అన్‌మౌంట్, మళ్లీ మాడ్యూల్ లోడ్. టీవీకైతే రీడ్ ఓన్లీగా (చదవడానికి మాత్రమే) ఇవ్వండి, సగం తలనొప్పి తీరుతుంది. మ్యాక్ చల్లిపోయే డాట్ ఫైళ్లు (చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్లు) కూడా అప్పుడు రావు.

కరెంటు కూడా ఆ కేబుల్ నుంచే వస్తుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌లా లాగేస్తే బోర్డు నడుస్తుండగానే ఆగిపోతుంది, ఎస్‌డీ కార్డు పాడయ్యే అవకాశం ఉంది. రాస్‌పీ కాన్ఫిగ్ (బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్)లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ (మార్పులు కార్డులో కాక మెమరీలోనే ఉంచే పద్ధతి) ఆన్ చేస్తే కార్డు బతుకుతుంది. కాకపోతే అప్పుడు డ్రైవ్ ఇమేజ్‌ని వేరే పార్టిషన్‌లో ఉంచాలి, లేదంటే వేసిన ఫైళ్లన్నీ రీబూట్‌తో మాయం.