వెనక చక్రం కీచు: లంక పొలంలో నాలుగేళ్ళు తిరిగిన ఏటీవీ గురించి

గుంటూరు జిల్లా కొల్లిపర వైపు కృష్ణా నది లంకలో మాకున్న పసుపు, అరటి తోటలకు వెళ్ళి రావడానికి 2021లో ఒక ఏటీవీ, అంటే ఎలాంటి నేల మీదైనా పోయే బండి, కొన్నాము. నాలుగు లావు టైర్లు, 200 సీసీ ఇంజను, వెనక ఇరుసును చైనుతో తిప్పే సాదా బండి. కరకట్ట దిగిన తరువాత మా పొలం దాకా దాదాపు 2 కిలోమీటర్ల ఇసుక దారి ఉంది. మధ్యలో వేసవిలో కూడా మోకాలి లోతు తగ్గని పాయ ఒకటి అడ్డం వస్తుంది. మోటారు సైకిలు ఆ ఇసుకలో దిగబడిపోతుంది, ఎరువు కట్ట ఒక్కటి తేవడానికి ట్రాక్టరు తీయడం దండగ. ఈ రెంటి నడుమ ఉన్న ఖాళీని ఈ బండి బాగానే పూడ్చింది. టైర్లలో గాలి 5 పీఎస్ఐ మాత్రమే ఉంచితే చక్రం వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలినట్టు పోతుంది. ఇంజను గురించి, నడక గురించి నాకు ఫిర్యాదు లేదు. నేను రాయదలచింది వెనక చక్రం దగ్గర పుట్టి, మూడు నెలలు నన్ను తప్పుదారి పట్టించిన ఒక కీచు శబ్దం గురించీ, అది బయటపెట్టిన నిర్మాణ లోపం గురించీ.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు దిగువకు వచ్చినప్పుడు మా లంక మునిగింది. బండిని ముందే కరకట్ట వాలు దాకా తెచ్చి నిలిపాము గాని, నీరు అక్కడికీ ఎక్కింది. ఇంజను తడవలేదు, వెనక ఇరుసు మాత్రం రెండు రోజులు ఒండ్రు నీటిలో ఉంది. నీరు తీసిన తరువాత వాటర్ సర్వీసు చేయించి, చైనుకు నూనె వేసి, ఇక పరవాలేదనుకున్నాము. రెండు నెలలు ఏమీ వినిపించలేదు. చలి మొదలైన తరువాత, తెల్లవారి బండి తీసినప్పుడు మొదటి అర కిలోమీటరు ఎడమ వెనక చక్రం దగ్గర సన్నగా కీచుమనేది, ఆ తరువాత తనంతట తానే ఆగిపోయేది. మానిపోయే శబ్దం కదా అని నేను పట్టించుకోలేదు. లోపల మిగిలిన కాస్త గ్రీజు చలికి గట్టిపడి ఒక పక్క ఉండిపోయి, నడిచి వేడెక్కాక మెత్తబడి, ఇరుసును మోసే బేరింగులోని ఉక్కు గుండ్ల మధ్యకు చేరేదని, శబ్దం ఆగడానికి కారణం అదేనని, బేరింగు విప్పి చూసిన రోజున అర్థమైంది.

జనవరి నాటికి కీచు రోజంతా నిలిచింది. అప్పటికి మా దగ్గర పనిచేసే అబ్బాయి నవ్వుతూ ఒక సామెత అప్పగించడం మొదలుపెట్టాడు: కందెన వేయని బండికి కావలసినంత సంగీతం. ఎడ్లబండ్ల కాలపు మాట. నేను ఆ మాటను సామెతగానే విన్నాను, రోగనిర్ణయంగా వినలేదు.

మొదట తెనాలిలో ఒక మెకానిక్కును పిలిపించాను. ఆయన బండి కదిలిస్తూ బ్రేకు కొద్దిగా నొక్కి చూశారు, శబ్దం మారింది. "డిస్కు దగ్గరేనండీ, ప్యాడ్లు మార్చేద్దాం" అన్నారు. ఆ పరీక్ష తప్పు కాదు. ప్యాడు డిస్కుకు రాసుకుని కీచుమంటుంటే, బ్రేకు తేలికగా నొక్కినప్పుడు ప్యాడు గట్టిగా అదుముకుని ఆ కంపన ఆగిపోతుంది. అయితే మా బండిలో వెనక ఉన్నది ఒకే డిస్కు, అది నేరుగా ఇరుసుకే బిగించి ఉంటుంది. బ్రేకు నొక్కగానే ఇరుసు మీద భారం మారి, బేరింగు కూర్చునే తీరు కూడా మారుతుంది. కాబట్టి బ్రేకు నొక్కితే శబ్దం మారిందన్నంత మాత్రాన దోషం బ్రేకుదే అని తేల్చకూడదు. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ విప్పితే వాటి వెనక వరద ఒండ్రు గట్టిగా పేరుకుని ఉంది, జారుడు పిన్నులు ఎండిపోయి ఉన్నాయి. వాటిని శుభ్రం చేసి, పిన్నులకు వేడికి కరగని గ్రీజు రాసి, కొత్త ప్యాడ్లు వేశారు. ఎనిమిది రోజులు బండి నిశ్శబ్దంగా నడిచింది, తొమ్మిదో రోజు మళ్ళీ కీచుమంది. ఆ ఎనిమిది రోజుల నిశ్శబ్దం ఎక్కడిదో నాకు ఇప్పటికీ పూర్తిగా బోధపడలేదు. చక్రాలు విప్పి మళ్ళీ బిగించినప్పుడు ఇరుసు వెంట్రుక వాసి పక్కకు జరిగి, తుప్పు మచ్చ లేని చోట గుండ్లు తిరిగి ఉంటాయని నా ఊహ.

తరువాత నేనే రంగంలోకి దిగాను, దిగి ఇంకో తప్పు చేశాను. బండి నిలిపి ఉంచి, వెనక కూర్చుని గట్టిగా ఊగితే షాకబ్జార్బరు కింది బుష్షు కిర్రుమంది. ఇదే దొంగ అనుకుని బుష్షులు మార్పించాను. కిర్రు పోయింది, కీచు పోలేదు. రెండూ వేర్వేరు శబ్దాలని చెవికి ముందే తెలుసు; మనసుకు మాత్రం త్వరగా పని అయిపోవాలని ఉంది. మన భాషలో ఈ చప్పుళ్ళకు ఉన్న మాటలే సగం పరీక్ష చేసిపెడతాయి. నిలబడ్డ బండిని ఊపితే వచ్చే కిర్రు బుష్షులదో, వెనక ఇరుసును మోసే స్వింగ్ ఆర్మ్ కీలుదో అవుతుంది. చక్రం ఒక చుట్టుకు ఒక్కసారి వచ్చే కీచు వంకరపోయిన డిస్కుదో, దానికి తగులుతున్న మట్టి రేకుదో (మట్టి చేరకుండా అడ్డం పెట్టే రేకు) అవుతుంది. టకటక అంటే వదులైన చైనును గాని, అరిగిన స్ప్రాకెట్టు పళ్ళను గాని చూడాలి. వేగంతో పాటు హెచ్చుతూ ఎడతెగకుండా సాగే కీచు, అది ముదిరితే గరగర, బేరింగు లక్షణం. మాది ఈ చివరి కోవలోది. తారు రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు వచ్చే రబ్బరు అరుపు మాత్రం జబ్బు కాదు. ఈ తరహా బండిలో రెండు వెనక చక్రాలూ ఒకే ఇరుసుతో కలిసి తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం కూడా బయటి చక్రమంతే తిరగవలసి రావడం వల్ల నేల మీద ఈడ్చుకుంటుంది.

ఈ ఒకే ఇరుసు అన్న విషయమే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది. కారులో అయితే ఒక చక్రం లేపి దాన్ని ఒక్కదాన్నే తిప్పి చూడవచ్చు. ఇక్కడ ఎడమది తిప్పితే కుడిది కూడా తిరుగుతుంది, వాటితో పాటు డిస్కు, స్ప్రాకెట్టు, చైను అన్నీ తిరుగుతాయి. ఆ కలగాపులగంలో నుంచి ఒక్కొక్కదాన్నీ తప్పిస్తూ పోవడం తప్ప వేరే దారి లేదు. వెనక భాగం జాకీ మీద లేపి, జాకీని నమ్మకుండా కింద చెక్క దిమ్మెలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, మొదట క్యాలిపర్ ఊడదీసి పక్కన తాడుతో కట్టాను. బ్రేకు గొట్టం మీద వేలాడదీయకూడదు. చక్రం తిప్పితే కీచు ఉంది. కాబట్టి బ్రేకు నిర్దోషి. తరువాత లాకు తీసి చైను విప్పేశాను. మళ్ళీ తిప్పితే కీచు ఉంది. ఇక మిగిలింది ఇరుసు, అది కూర్చున్న రెండు బేరింగులు మాత్రమే. ఈ పరీక్షకు పట్టింది నలభై నిమిషాలు. ప్యాడ్లు, బుష్షులు కొనకముందే ఇది చేసి ఉంటే నాకు 4,000 రూపాయలకు పైగా మిగిలేవి.

పొడవాటి స్క్రూడ్రైవరు కొనను బేరింగు గూడుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, అబ్బాయిని చక్రం తిప్పమన్నాను. ఎడమ వైపు సన్నని ఈల లాంటిది వినిపించింది. కుడి వైపు పెట్టేసరికి ఇసుక నమిలిన చప్పుడు. మూడు నెలలుగా ఎడమ చక్రమే అరుస్తోందని నమ్ముతూ వచ్చాము; అసలు జబ్బు స్ప్రాకెట్టు ఉన్న కుడి వైపు ఉంది. రెండు గూళ్ళనూ కలిపే ఇనుప గొట్టం శబ్దాన్ని మోసుకెళ్ళి, మట్టి రేకు వదులుగా ఉన్న ఎడమ కొస నుంచి బయటికి వదిలిందన్నమాట. ఇంకొక మాట. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తే ఆట ఏమీ లేదు, బిగుతుగానే ఉంది. ఆట లేదు గనుక బేరింగు బాగుందని ఇద్దరు నాతో అన్నారు. తుప్పు పట్టి, గ్రీజు ఎండిన బేరింగు వదులు కావడానికి చాలా ముందే అరుస్తుందని ఈ బండి వల్ల తెలిసింది.

ఇరుసు ఊడదీసే పనికి బండిని టాటా ఏస్‌లో ఎక్కించి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాను, ఎందుకంటే దీనికి రోడ్డు రిజిస్ట్రేషను లేదు, పైగా ఇరుసు మీది జంట నట్లు విప్పేంత పెద్ద పానాలు మా ఊళ్ళో దొరకవు. అక్కడి లేతు షాపులో ఒక పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, శబ్దం సంగతి అడగకుండానే చైనును వేలితో నొక్కి చూసి, "ఇంత బిగుతుగా ఎవరు పెట్టారు బాబూ?" అన్నారు. పెట్టింది నేనే. చైను సాగితే ఊడుతుందన్న భయంతో బండి ఖాళీగా ఉన్నప్పుడు తీగలాగా బిగించేవాణ్ణి. మనిషి కూర్చుని, వెనక రెండు పసుపు బస్తాలు వేస్తే స్వింగ్ ఆర్మ్ పైకి లేచి చైను ఇంకా బిగుస్తుంది. ఆ లాగుడంతా స్ప్రాకెట్టు పక్క బేరింగు మీద పడుతుంది. వరద నీరు తుప్పు పట్టిస్తే, మిగిలిన పని నా పానా చేసింది.

చక్రం బిగించే ఎడమ హబ్బు తుప్పుతో పట్టేసి రెండు గంటలు సతాయించింది. ఇరుసును కొట్టి బయటికి తీసేటప్పుడు, మరలు చెడకుండా నట్టును కొస దాకా తిరిగి ఎక్కించి, దాని మీద చెక్క పెట్టి కొట్టారు. బయటికి వచ్చిన బేరింగు మీద 6007 అని ఉంది. ఈ అంకెల్లో చివరి రెండింటినీ 5తో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. 07 అంటే 35. బయటి కొలత 62, మందం 14. వెనకున్న 2ఆర్ఎస్ అన్న అక్షరాలు రెండు పక్కలా రబ్బరు సీళ్ళు ఉన్నాయని చెబుతాయి. ఆ నంబరు చేతిలో ఉంటే కంపెనీ విడిభాగం కోసం ఎదురుచూడనక్కరలేదు, ఏ బేరింగుల దుకాణంలో అయినా దొరుకుతుంది. పాత బేరింగు సీలు గీకి చూస్తే లోపల గ్రీజు బదులు ఎర్రటి బురద. ఇరుసును లేతు మీద ఎక్కించి వంకర లేదని, వర్నియరుతో కొలిచి బేరింగు కూర్చునే చోటు అరగలేదని తేల్చారు. అక్కడ అరిగి ఉంటే కొత్త బేరింగు వేసినా లోపలి రింగు ఇరుసు మీద జారుతూ మళ్ళీ అరుస్తుంది.

కొత్తవి ఎక్కించేటప్పుడు నేను దగ్గరే నిలబడ్డాను. గూట్లోకి కొట్టేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద పడితే గుండ్లు గాడిలో నొక్కుకుని కొత్త బేరింగు మొదటి రోజే చెడుతుంది. పెద్దాయన పాత బేరింగు బయటి రింగునే దిమ్మెగా వాడారు. రెండు బేరింగుల మధ్య ఉండే లోపలి గొట్టాన్ని మరిచిపోకుండా పెట్టించాను. అది లేకుండా నట్టు బిగిస్తే బేరింగులు పక్కకు నొక్కుకుపోతాయి. బేరింగులు, సీళ్ళు, లేతు కూలి కలిపి 3,200 రూపాయలు, రవాణా వేరు.

బండి తయారీలో నేను తప్పు పట్టేది ఇక్కడే. నీటిలో, బురదలో తిరగడానికే చేసిన వాహనానికి బేరింగు గూడు మీద గ్రీజు నిపుల్, అంటే గన్నుతో గ్రీజు ఎక్కించే చిన్న మూతి, లేదు. 300 రూపాయల గ్రీజు గన్నుతో పోయే జబ్బుకు ఇరుసంతా ఊడదీయవలసి వచ్చింది. అందుకని ఆ రోజే గూడు మధ్యలో రంధ్రం వేయించి నిపుల్ పెట్టించాను. లోపలికి పోసిన గ్రీజు గుండ్లకు చేరేందుకు బేరింగుల లోపలి వైపు సీళ్ళు తీసేసి, బయటి సీళ్ళు ఉంచాము. రంధ్రం వేయించేది బేరింగులు బయట ఉన్నప్పుడే, లోహపు పొట్టు తుడిచాకనే. నీటికి కొట్టుకుపోని గ్రీజు వాడుతున్నాను. ఈ ఏర్పాటుకు ఒక ఇబ్బంది ఉంది. ఎక్కువ పంపు కొడితే గ్రీజు ఒత్తిడికి బయటి సీలు బయటికి తన్నుకొస్తుంది; నెలకు రెండు మూడు పంపులు చాలు.

అప్పటి నుంచి చైనును మనిషి కూర్చున్నప్పుడు 30 మిల్లీమీటర్లు ఊగేటట్టు ఉంచుతున్నాను. పాయ దాటే ముందు ఒడ్డున పది నిమిషాలు ఆగుతున్నాము, ఎందుకంటే వేడెక్కిన గూడు చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని సీలు అంచు నుంచి నీటిని పీల్చుకుంటుంది. ఈ ఆగడం మీద మా దగ్గర పనిచేసే అబ్బాయికి నమ్మకం లేదు, బీడీకి వీలుగా ఉందని ఒప్పుకున్నాడు. వాటర్ సర్వీసులో గన్ను ఇరుసు వైపు తిప్పనివ్వను. తుప్పు వదిలించే స్ప్రేలు బేరింగు మీద కొట్టడం పూర్తిగా మానేశాను. అవి ఒక పూట శబ్దం ఆపి, ఉన్న గ్రీజును కూడా కరిగించి పోతాయి.

ఏడాది దాటింది, ఒక వర్షాకాలం గడిచింది. కీచు తిరిగి రాలేదు. వానలు వెనకబడ్డాక ఒకసారి కుడి హబ్బు తీసి చూస్తే గ్రీజు తెల్లబడలేదు, అంటే నీరు చేరలేదు. అయితే కుడి బయటి సీలు అంచున గ్రీజు కొద్దికొద్దిగా కారుతోంది, దాని మీద ఇసుక అంటుకుంటోంది. వచ్చే పసుపు తవ్వకాలు అయ్యాక, పాయలో నీరు పెరగకముందే ఆ సీలు మార్చాలి. 6007 వేసిన పెట్టె మీదే దాని కొలత కూడా రాసి షెడ్డులో పెట్టాను.