కాంక్రీటు నేలకి మామూలు థర్మోస్టాట్ పనికిరాదు: మా బేస్‌మెంట్ అనుభవం

మేముండేది మినెసోటాలో. బేస్‌మెంట్ నేల 4 అంగుళాల కాంక్రీటు స్లాబ్, లోపల పెక్స్ అనే ప్లాస్టిక్ పైపులు, వాటిలో బాయిలర్ నుంచి వేడినీళ్ళు తిరుగుతుంటాయి. మొదటి చలికాలం చాలా ఇబ్బంది పడ్డాం. అప్పుడు గోడకి ఉన్నది గాలి వేడిని మాత్రమే చూసే థర్మోస్టాట్. గది చల్లబడిందని అది బాయిలర్‌ని ఆన్ చేసేది, స్లాబ్ వేడెక్కేసరికి గంటలు పట్టేది, గాలి 70 ఫారెన్‌హీట్‌కి రాగానే ఆపేసేది, కానీ అప్పటికే కాంక్రీటు నిండా దాచుకున్న వేడి చాలాసేపు పైకి వస్తూనే ఉండేది. ఊరి నుంచి వచ్చిన అమ్మ పొద్దున్నే దేవుడి ముందు నిలబడి "ఇది నేలా పెనమా రా?" అంది. అదే అమ్మ రాత్రి అక్కడే శాలువా కప్పుకుని కూర్చుంది.

తర్వాత స్లాబ్ సెన్సర్ (నేల లోపలి వేడిని కొలిచేది) తగిలించుకునే వీలున్న టెక్‌మార్ కంపెనీ థర్మోస్టాట్ పెట్టించాం. నాకు చాలా నచ్చింది. స్లాబ్ పోసేటప్పుడే రెండు పెక్స్ పైపుల మధ్య ఒక ఖాళీ గొట్టం వదిలారు, సెన్సర్‌ని అందులోంచి తోశాం. కొత్తగా ఇల్లు కట్టించుకునేవాళ్ళు ఈ గొట్టం మాత్రం పట్టుబట్టి పెట్టించుకోండి, లేకపోతే సెన్సర్ పోయిన రోజున నేల పగలగొట్టాల్సిందే. వైరు కలిపే ముందు మల్టీమీటర్‌తో చూశాం: ఈ 10కె రకం సెన్సర్ 77 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 10 కిలో ఓముల రెసిస్టెన్స్ చూపించాలి.

నేలకి కనీసం 72, గరిష్ఠం 82 పెట్టాం. 85 దాటితే పాదాలకి హాయి ఉండదు. రాత్రి తగ్గించి పొద్దున పెంచే షెడ్యూల్ పూర్తిగా తీసేశాను, ఎందుకంటే కాంక్రీటు అంత తొందరగా మాట వినదు, మనం లేచి ఆఫీసుకి వెళ్ళిపోయాక వేడెక్కుతుంది. బాయిలర్‌కి ఔట్‌డోర్ రీసెట్ కూడా ఉంటే తప్పకుండా వాడండి. ఉత్తరం గోడ మీద చిన్న సెన్సర్ ఉంటుంది, బయట చలి పెరిగేకొద్దీ నీళ్ళ వేడి దానంతటదే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. బయట మైనస్ 15 ఉన్న రోజు కూడా మా గదిలో ఒక డిగ్రీకి మించి తేడా రాలేదు. అమ్మ ఇప్పుడు పీట కూడా వేసుకోవట్లేదు.

టైల్స్ కింద కరెంటు మ్యాట్ వేసుకున్న వాళ్ళకి ఇదంతా అక్కర్లేదు, అది త్వరగానే వేడెక్కుతుంది. కానీ దాని థర్మోస్టాట్ 120 లేదా 240 వోల్టులది, నీళ్ళ పైపుల సిస్టమ్‌కి సాధారణంగా 24 వోల్టులది. ఒకదాని బదులు ఇంకొకటి ఆర్డర్ పెట్టకండి.