మనూరి యాస విని 2 లక్షల 10 వేలు పోగొట్టుకున్నా. అమీర్‌పేట పోయే ఒంగోలు, కందుకూరు పిల్లలు ఒక్కసారి చదవండి

కోపంలో రాస్తన్నా, తప్పులుంటే సర్దుకోండి. నిన్న తెల్లారకముందే ఒంగోల్లో సింహపురి రైలు దిగా. ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టలేదు, అందుకే ఇది.

ఉద్యోగం ఇప్పిస్తానని నా డబ్బు మింగిన ఆ కన్సల్టెన్సీ పేరు రాయను. గొడవ చేస్తే కేసు నా మీదే పడుద్దని దాని ఓనరు బెదిరించాడు, ఆ ముచ్చట కింద చెప్తా. అమీర్‌పేట మైత్రీవనం సందుల్లో కోచింగ్ తీసుకున్నోళ్ళకి పేరుతో పని లేదు. మెట్రో మెట్లు దిగంగానే చేతిలో కరపత్రం పెడతారే, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని, వాళ్ళలో ఒకడు.

నా సంగతి గబగబా. బీటెక్ సీఎస్‌ఈ, 2024లో అయిపోయింది. మా బ్యాచ్‌కి క్యాంపస్‌లో కంపెనీలు వచ్చినట్టే వచ్చి పోయినాయి. ఆ ఏడాది టీసీఎస్‌లోనే ఉద్యోగుల లెక్క 13,249 తగ్గిందని పేపర్లో వచ్చింది, ఇంక మనల్ని ఎవడు తీసుకుంటాడు. టీసీఎస్ వాళ్ళ ఎన్‌క్యూటీ పరీక్ష రాశా, పోయింది. ఎస్‌ఆర్ నగర్‌లో నాలుగు షేరింగ్ హాస్టల్, జావా ఫుల్‌స్టాక్, నాలుగు నెలలు. నౌకరీ సైట్‌లో రోజూ ముప్పై ఉద్యోగాలకి అప్లై చేయడం, సాయంత్రం మెయిల్ చూసుకోవడం. ఇక్కడిదాకా అందరి కథే, వదిలేయండి.

ఇన్‌స్టిట్యూట్‌లో నా పక్కన కూర్చునే అబ్బాయి తీసుకుపోయాడు ఆ ఆఫీసుకి. లోపల నలభై ఏళ్ళ మనిషి, నుదుటన కుంకుమ, టేబుల్ మీద టిఫిన్ క్యారియర్. నేను నోరు తెరిచి రెండు ముక్కలు మాట్లాడానో లేదో, "ఏందబ్బాయా, యాడ మీది? కొండపి పక్కనా? మాది కనిగిరి గదయ్యా!" అన్నాడు. నాలుగు నెలల నుంచీ హైదరాబాదులో నా మాట విని నవ్వినోళ్ళే గానీ, నాలా మాట్లాడినోడు దొరకలేదు. అక్కడే పడిపోయా. వాడు నాకు ఉద్యోగం గురించి ఒక్క ముక్క చెప్పకముందే నేను వాణ్ణి నమ్మేశా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

టీ తెప్పించాడు. "మీ నాయన ఏం చేస్తాడు?" పొగాకు అన్నా. "బ్యారన్ మీదేనా, కౌలుదా?" అన్నాడు, అంటే పొగాకు ఆకు వేడి మీద ఆరబెట్టే కొట్టం. మాదే అన్నా. "ఈ ఏడు బేళ్ళు ఎట్టా పలికినై? వేలం అయిపోయిందా, ఇంకా ఉండాయా?" ఎంత ప్రేమ అనుకున్నా. ఊరి సంగతులు అడుగుతున్నాడని పొగాకు మూటలు, అదే బేళ్ళు, ఎన్ని అమ్మామో, డబ్బులు బ్యాంకులో పడినాయో లేదో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పా. నోబిడ్ అయి, అంటే వేలంలో ఎవరూ పాడక, వెనక్కొచ్చిన మూడు బేళ్ళ గురించి కూడా చెప్పా. వాడు "అయ్యో" అన్నాడు.

ఇప్పుడు అర్థమైంది, వాడు కుశలం అడగలేదు, జేబు కొలిచాడు. ఆ రోజు నాతోపాటు వచ్చిన వరంగల్ అబ్బాయికి చెప్పిన రేటు లక్షా ఇరవై. నాకు లక్షా ఎనభై. మనూరోడు కదా, స్పెషల్ రేటు.

"ఎంప్లాయీ రెఫరల్ కోటా" అన్నాడు. పెద్ద కంపెనీ, పేరు చెప్తే మీ ఇంట్లో అమ్మమ్మకి కూడా తెలిసేది. లోపల మేనేజర్ తన మనిషంట. 50 వేలు ముందు, ఆఫర్ లెటర్ వచ్చాక మిగతా లక్షా ముప్పై. అక్కడికక్కడే మా నాన్నకి ఫోన్ చేయించి తనే తీసుకున్నాడు. "బాబాయ్, నీ కొడుకు నాకు తమ్ముడు లాంటోడు. నువ్వు బ్యారన్ చూసుకో, వాణ్ణి నేను చూసుకుంటా." మా నాన్న ఫోన్లో నవ్వడం నాకు వినబడింది.

రాత్రి నాన్న మళ్ళీ నాకు చేశాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "పని చేసేది మనం, డబ్బులిచ్చేదీ మనమేనా అబ్బాయా?"

నేనేమన్నానో తెలుసా? "నీకు తెలీదు నాన్నా, సాఫ్ట్‌వేర్‌లో ఇంతే."

బీటెక్ చదివింది నేను. ప్రశ్న సరిగ్గా అడిగింది ఆయన. కొండపి వేలం కేంద్రంలో బేలు దగ్గర నిలబడి, కొనేవాడి మొహం చూసి ఈ రోజు రేటు ఎట్టుంటదో చెప్పే మనిషి. ఆయన నోరు నేను మూయించా.

తర్వాత ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఎనిమిది నిమిషాలు. అవతల కెమెరా ఆఫ్. నీ గురించి చెప్పు అన్నాడు, జావాలో హ్యాష్‌మ్యాప్‌కీ హ్యాష్‌టేబుల్‌కీ తేడా అడిగాడు. ఒకటి సింక్రనైజ్డ్, ఇంకోటి కాదు, నల్ కీ గురించి కూడా చెప్పా. "ఎక్సలెంట్" అన్నాడు. రెండు రోజులు ఆ ఎక్సలెంట్ మీదే బతికా. డబ్బు కట్టినా సరే, నా టాలెంట్ కూడా ఉందిలే అనుకున్నా చూడండి, అందుకు కొట్టాలి నన్ను.

ఆఫర్ లెటర్ వచ్చింది. ఏడాదికి 6.5 లక్షలు. టీసీఎస్‌లో పరీక్ష రాసి, ఇంటర్వ్యూ గెలిచి నింజా అనే మొదటి మెట్టు ఉద్యోగంలో చేరినోడికే 3.36 లక్షలు. నాకు ఆరున్నర ఎందుకిస్తారు, ఏం చూసి ఇస్తారు, ఒక్క నిమిషం ఆలోచించానా? ఆలోచించలా. లెటర్ ఫొటో తీసి ఇంట్లో వాట్సాప్ గ్రూపులో పెట్టా. మా అత్త కొబ్బరికాయ కూడా కొట్టింది.

లక్షా ముప్పై కట్టాం. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఖర్చని 18 వేలు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ డిపాజిట్ అని 12 వేలు, చేరాక మొదటి జీతంతో వెనక్కిస్తారంట. ఇవి కాక టెన్త్ మెమో, ఇంటర్ మెమో, బీటెక్ ప్రొవిజనల్, అన్నీ ఒరిజినల్స్ తీసుకున్నాడు. "బాండ్ కింద, భయపడమాక, నా బీరువాలో ఉంటై" అన్నాడు. నా బీరువా కంటే భద్రమని ఇచ్చొచ్చా.

జాయినింగ్ రోజు. ఇస్త్రీ చొక్కా, అరువు బెల్టు. అమీర్‌పేటలో బ్లూ లైన్ ఎక్కి రాయదుర్గంలో దిగా. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన జాబితాలో నా పేరు వెతికాడు, లేదు. లెటర్ చూపించా. చదివి, "పదకొండో అంతస్తు అని రాసుంది తమ్మీ, ఈ బిల్డింగ్‌కి అన్ని అంతస్తులు యాడివి?" అన్నాడు. తిట్టలేదు, నవ్వలేదు. అది ఇంకా బాధ. నేను రోడ్డు అవతలికి పోయి నిలబడి కింద నుంచి లెక్కపెట్టా. ఏడు. ఎండలో కళ్ళు చికిలించి మళ్ళీ లెక్కపెట్టా. ఏడే. పక్కనోళ్ళు మెడలో ట్యాగులేసుకుని కాఫీలు తాగుతా పోతున్నారు, నేను అంతస్తులు లెక్కపెట్టుకుంటున్నా.

వాడికి ఫోన్ చేశా. "హెచ్‌ఆర్ మేడం లీవులో ఉండాది, సోమవారం చూద్దాం." సోమవారం పోయి గురువారం వచ్చింది. నేరుగా ఆఫీసుకే పోయా. రిసెప్షన్‌లో అమ్మాయి నీళ్ళిచ్చి కూర్చోమంది, సార్ మీటింగులో ఉన్నారంది. గంటన్నర కూర్చున్నా. పక్క గదికి ప్లైవుడ్ గోడే కదా, లోపల మాటలు వినబడుతున్నాయి. ఒక గొంతు ఎవరినో అడుగుతా ఉంది, హ్యాష్‌మ్యాప్‌కీ హ్యాష్‌టేబుల్‌కీ తేడా ఏంటని. ఆ గొంతే. నన్ను "ఎక్సలెంట్" అన్న గొంతు. కాసేపటికి ఆ గోడ వెనక నుంచి ఇంకోడికి కూడా "ఎక్సలెంట్" పడింది.

నాకు కాళ్ళు వణికినాయి. లోపలికి తోసుకుపోయి ఫోన్ స్పీకర్‌లో పెట్టి నాన్నకి కలిపా. నాన్న "ఏంది బాబూ, పిల్లోణ్ణి గేటు కాడ్నించే పంపించేశారంట, ఏందది?" అన్నాడు. అప్పటికి కూడా ఆయన మర్యాదగానే అడిగాడు.

వాడు కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు, "ఎవరండీ మాట్లాడేది? చూడండి, మీ అబ్బాయికి మేము ట్రైనింగ్ ఇచ్చాం, ఫీజు తీసుకున్నాం. రిసీట్ చదువుకోండి. ఉద్యోగం ఇస్తామని మేమెక్కడా చెప్పలేదు."

యాస లేదు. ఆ "ఉండాది", ఆ "యాడ", ఆ "బాబాయ్", ఒక్కటీ లేదు. టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడాడు. డబ్బు పోయిందని నాకు గేటు దగ్గరే తెలుసు. కానీ ఆ మాట విన్నప్పుడు తగిలిన దెబ్బ వేరు. ఈ మనిషిది కనిగిరేనా, అసలు ఎప్పుడన్నా కనిగిరి చూశాడా అని కూడా అనుమానం వచ్చింది. రేపు కర్నూలు పిల్లోడొస్తే ఆ యాస, శ్రీకాకుళం పిల్లోడొస్తే ఆ యాస. వాడి పెట్టుబడి అదే.

రిసీట్ తీసి చూశా. నిజమే. "సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్, ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. రిసీట్ మీద ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు, నేను ఫోన్‌పే చేసినప్పుడు కనబడిన పేరు ఎవరో ఆడమనిషిది. మూడూ నా కళ్ళ ముందే ఉండాయి ఇన్నాళ్ళూ.

గొడవ చేస్తే, "దొంగ ఆఫర్ లెటర్ పట్టుకుని కంపెనీలోకి పోబోయింది నువ్వు. కేసు పెడితే ముందు నీ మీదే పడుద్ది, నీ కెరీర్ పోద్ది, ఆలోచించుకో" అన్నాడు. స్పీకర్ ఇంకా ఆన్‌లోనే ఉంది. నాన్న అంతా విన్నాడు. "సర్లే అబ్బాయా, నువ్వు బయటికి రా, బండెక్కు" అని మాత్రం అన్నాడు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశా. డబ్బు పంపిన వెంటనే, గంటల్లో చెప్పుంటే అవతల ఖాతాలో ఆపడానికి వీలుండేదంట. నాది నెల దాటింది. అయినా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ పెట్టా, నంబరు వచ్చింది. మా ఊరి లాయరుగారు చెప్పినదాన్ని బట్టి 2024 జూలై నుంచి 420 సెక్షన్ లేదు, మోసానికి ఇప్పుడు కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత, అదే బీఎన్‌ఎస్, 318. సెక్షన్ పోయింది గానీ ఫోర్ ట్వంటీగాళ్ళు ఎక్కడికీ పోలేదు. వాడి బెదిరింపుకి భయపడొద్దన్నారు, లెటర్ వాడే పంపినట్టు మెయిలూ వాట్సాపూ ఉన్నాయి కాబట్టి అవి చెరపకుండా ఉంచమన్నారు.

ఇంకో తమాషా. ఆఫర్ లెటర్ వచ్చిన మెయిల్ అడ్రస్‌లో కంపెనీ పేరు పక్కన చిన్న గీత, ఆ పక్కన "కెరీర్స్" అని ఉంది. ఇంటికొచ్చాక, వెబ్ అడ్రస్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూపించే హూఈజ్‌లో కొట్టి చూశా. ఆ డొమైన్ పుట్టి రెండు నెలలు కాలేదు. నాలుగు నెలలు వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకున్న మొహాన్ని నేను! ఇది చూడటానికి అర నిమిషం పట్టదు. అసలు కంపెనీ కెరీర్స్ పేజీలో మేం ఉద్యోగానికి డబ్బులు అడగం అని స్పష్టంగా రాసి పెట్టారు. అదీ నిన్ననే చదివా.

సలహా అంటే ఏముంది. ఒరిజినల్స్ ఎవడికీ ఇవ్వమాకండి, చూపించి వెనక్కి తీసుకోండి. ఫోన్‌పేలో పేరు తేడాగా ఉంటే అక్కడే ఆగండి. ఆఫర్ లెటర్ వస్తే ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రస్‌కి మెయిల్ కొట్టి అడగండి, వాడిచ్చిన నంబరుకి కాదు. రెండేళ్ళ దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం అనేవాళ్ళు ఇంకో రకం, వాళ్ళ జోలికీ పోమాకండి. పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్‌లో సర్వీసు హిస్టరీ చూస్తే బయటపడుద్ది, చేరినాక పీకేస్తారు.

డబ్బు వస్తుందన్న ఆశ లేదు. సర్టిఫికెట్లు కావాలి. డూప్లికేట్ కావాలంటే పోలీసు కాగితం పట్టుకుని కాకినాడ జేఎన్‌టీయూ చుట్టూ తిరగాలి, టెన్త్‌కి వేరే, ఇంటర్‌కి వేరే. వచ్చే మంగళవారం మళ్ళీ అమీర్‌పేట పోతున్నా, ఈసారి మా బాబాయి, లాయరుగారి జూనియర్ వస్తున్నారు. ఆ బీరువాలో మీ మెమోలు కూడా ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి, కలిసి పోదాం. రిసీట్ పారేయకుండా తెచ్చుకోండి, వెనకవైపు వాడి సంతకం ఉంటది.