సీలియాక్ ఉన్నవాళ్లకి టైరోసింట్: మామూలు థైరాయిడ్ మాత్ర సరిపోదా?

థైరాయిడ్ హార్మోన్ తక్కువైనవాళ్లు వేసుకునే మందు లెవోథైరాక్సిన్. దాని 100 మైక్రోగ్రాములంటే మిల్లీగ్రాములో పదో వంతు. అంత తక్కువ మందుని చేతికందే మాత్రగా ఒత్తాలంటే లాక్టోజ్, స్టార్చ్, సెల్యులోజ్ లాంటివి కలపక తప్పదు. సీలియాక్ అంటే గోధుమలాంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు. అది ఉన్నవాళ్ల అనుమానమంతా ఆ కలిపేవాటిలో గ్లూటెన్ ఉందేమోనని.

లెవోథైరాక్సిన్‌నే జెల్ క్యాప్సూల్‌గా ఇచ్చే బ్రాండు టైరోసింట్‌లో ఆ బెడద లేదు. తేనె రంగులో చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. లోపల మందు కాకుండా ఉండేవి జెలటిన్, గ్లిజరిన్, నీళ్లు, అంతే. స్టార్చ్ లేదు, కలిపిన రంగు లేదు, లాక్టోజ్ కూడా లేదు. ఈ చివరిది కొత్తగా సీలియాక్ బయటపడ్డవాళ్లకి పెద్ద ఊరట, ఎందుకంటే పేగు గోడ దెబ్బతిన్నప్పుడు పాలలోని లాక్టోజ్ కూడా అరగదు.

దీని అసలు బలం మరోటి. మాత్ర ముందు కడుపులోని ఆమ్లంలో కరగాలి, ఇందులో మందు ముందే కరిగి ఉంటుంది. గ్లూటెన్ పూర్తిగా మానేసినా, మాత్ర వేళకి వేసుకున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష) దిగని వాళ్లు డాక్టర్‌ని దీని గురించి అడగడం సబబే.

లోపాలూ ఉన్నాయి. మామూలు మాత్రల కంటే ఖరీదు బాగా ఎక్కువ. సగం చేసి వేసుకోవడం, నమలడం కుదరదు. జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది కాబట్టి శాకాహారులకి ఇబ్బంది. వాళ్లకి గ్లిజరిన్, నీళ్లతోనే చేసిన టైరోసింట్-సోల్ అనే ద్రవరూపం నయం. వారానికి సరిపడా క్యాప్సూల్స్ ముందే విప్పి డబ్బాలో సర్దుకోవద్దు. వేడి, వెలుతురు, తేమ ఈ మందుకి పడవు, వేసుకునేటప్పుడే రేకు నుంచి తీయాలి.

మరి అందరికీ ఇదే కావాలా? అక్కర్లేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంచనాలో, గోధుమ నుంచి తీసిన పదార్థం వాడినా ఒక మోతాదులో గ్లూటెన్ అర మిల్లీగ్రాముకి మించదు. సీలియాక్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది తట్టుకోగల హద్దుగా చెప్పేది రోజుకి 10 మిల్లీగ్రాములు. భయపడి మాత్ర మానేస్తే జరిగే నష్టమే పెద్దది. తయారీదారు నుంచి స్పష్టమైన జవాబు వచ్చిన మామూలు మాత్ర చాలామందికి చాలు.

ఆ జవాబు రాబట్టడంలోనే కిటుకు ఉంది. 'గ్లూటెన్ ఫ్రీయేనా?' అంటే 'సర్టిఫై చేయలేం' అని తేల్చేస్తారు. అలా కాక, మాత్ర మోతాదు, బ్యాచ్ నంబరు చెప్పి ఈ స్టార్చ్ ఏ పంటది, సోడియం స్టార్చ్ గ్లైకోలేట్ (మాత్ర విడిపోవడానికి కలిపేది) దేనితో చేశారు, డెక్స్‌ట్రిన్ (స్టార్చ్ నుంచే చేసేది) ఉంటే దేని నుంచి తీశారు అని విడివిడిగా అడగండి. మొక్కజొన్న, బంగాళాదుంప అంటే నిశ్చింత. లేబుల్‌పై ఉత్త 'స్టార్చ్' అని ఉంటే మాత్రం అడగకుండా వదలొద్దు. ఒకే కంపెనీ మాత్రల్లో కూడా మోతాదుని బట్టి కలిపే రంగు మారుతుంది, కాబట్టి మీరు వాడే మోతాదు గురించే అడగాలి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఎక్కువసార్లు దెబ్బతినేది మందుల షాపులో. మళ్లీ కొన్నప్పుడు అదే మోతాదు, వేరే కంపెనీది చేతిలో పెడతారు. అక్కడితో మీ విచారణంతా వృథా. డబ్బా తెరవకముందే తయారీదారు పేరు చూడండి. కంపెనీ మారినా, మాత్ర నుంచి క్యాప్సూల్‌కి మారినా 6 నుంచి 8 వారాలకి టీఎస్‌హెచ్ చేయించాలి.

ఏ రూపమైనా పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాగొద్దు. సీలియాక్ ఉన్నవాళ్లలో చాలామంది ఐరన్, కాల్షియం కూడా వాడతారు. వాటికీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. పథ్యం కుదిరి పేగు మానుతున్నకొద్దీ మందు ఎక్కువగా ఒంటబట్టి పాత మోతాదే ఎక్కువైపోవచ్చు. గుండెదడ, చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం కనిపిస్తే 8 వారాలు ఆగకుండా డాక్టర్‌ని కలిసి టీఎస్‌హెచ్ చూపించుకోండి.