మేడ మీద గ్రిల్: బొగ్గులా, గ్యాసా?

గ్రిల్ కొందామనుకునేవాళ్లు ముందు రుచి గురించే అడుగుతారు. నేనైతే మర్నాడు పొద్దున దాన్ని శుభ్రం చేసేదెవరో ముందు తేల్చుకోమంటాను. విజయవాడలో మా మేడ మీద రెండు రకాలూ వాడాం. చివరికి మిగిలింది బొగ్గులదే.

రుచిలో బొగ్గులదే పైచేయి, కానీ జనం చెప్పుకునేంత తేడా లేదు. కొవ్వూ మసాలా నూనే చుక్కలు చుక్కలుగా నిప్పుల మీద పడి, పొగై మళ్లీ ముక్కకే పడుతుంది. ఆ వాసనలో చాలా భాగం అదే. గ్యాస్ గ్రిల్‌లోనూ బర్నర్ల పైనున్న రేకుల మీద కొవ్వు పడి పొగ లేస్తుంది, కాస్త తక్కువ. అయితే గ్యాస్ మండేటప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది కాబట్టి లెగ్ పీస్ అంచులు బొగ్గుల మీద కాలినంత కరకరలాడవు.

గుంటూరు కారం దట్టంగా పట్టిస్తే ఎందులోనైనా జాగ్రత్త తప్పదు. మంట నేరుగా తగిలితే కారం మాడి చేదెక్కుతుంది, ఆ ఘాటుకి మేడంతా దగ్గులే. నిప్పుల్ని ఒక పక్కకి నెట్టి, ముక్కల్ని రెండో పక్కన ఉంచి మూత పెట్టాలి. గ్యాస్‌లో ఈ పని తేలిక, ఒక బర్నర్ ఆపేస్తే చాలు. చికెన్ లోపల 74 డిగ్రీలకు చేరాక, చివర్లో రెండు నిమిషాలు మంట మీద తిప్పితే రంగు వస్తుంది.

టైమ్ చూసుకుంటే గ్యాసే మేలు. పది నిమిషాల్లో వేడెక్కుతుంది. బొగ్గుల మీద తెల్లగా బూడిద కప్పేదాకా అరగంట ఆగాలి. కానీ 14.2 కిలోల గ్యాస్ నిండిన సిలిండర్ మొత్తం ముప్పై కిలోల దాకా తూగుతుంది. ప్రతిసారీ మెట్లెక్కించేదెవరు? సాయంత్రం కృష్ణ మీది గాలి గట్టిగా వీస్తే సన్నమంట ఆరిపోతుంది కూడా. అపార్ట్‌మెంట్ బాల్కనీ అయితే ఈ రెండూ వద్దు, కరెంటు గ్రిల్ చాలు.

ఇక తుప్పు. ఒక వేసవిలో బూడిద ఎత్తకుండా మూత పెట్టి వదిలేశాను. జూన్ వానలకి బూడిద చెమ్మ పీల్చుకుని ముద్దయింది. తీసి చూస్తే అడుగు రేకు పొరలు పొరలుగా ఊడొచ్చింది, వేలితో నొక్కితే కన్నం పడింది. చాలా బాధేసింది. తడి బూడిద ఇనుముని తినేస్తుంది. అందుకే పూర్తిగా చల్లారాక మర్నాడే ఎత్తెయ్యాలి. గ్యాస్‌కి ఈ గొడవ లేదు గానీ బర్నర్ కన్నాల్లో జిడ్డు పేరుకుంటుంది. మంట నీలంగా కాక పసుపుగా వస్తుంటే శుభ్రం చెయ్యాలని గుర్తు. గొట్టానికీ రెగ్యులేటర్‌కీ సబ్బు నురగ రాసి, బుడగలొస్తున్నాయేమో చూసుకోవాలి.

జాలీ విషయంలో పోత ఇనుము వేడిని బాగా పట్టి ఉంచుతుంది, ముక్క మీద చక్కని గీతలు పడతాయి. కానీ ప్రతిసారీ కడిగి, సెగ మీద ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడవాలి. మన ఊరి ఉక్కలో ఒక్క వారం మర్చిపోయినా ఎర్రబడుతుంది. అంత ఓపిక లేకపోతే స్టీల్ జాలీ తీసుకోండి, నేను అదే వాడుతున్నాను. తీగల బ్రష్ మాత్రం వద్దు. ఊడిన తీగ ముక్కకి అంటుకుని గొంతులోకి పోతుంది. వేడి జాలీ మీద ఫోర్కుకి గుచ్చిన సగం ఉల్లిపాయతో రుద్దితే జిడ్డు చాలావరకు వదులుతుంది.

వాన పడుతోందని బొగ్గుల గ్రిల్‌ని గదిలోకి మాత్రం తేవద్దు. ఆరినట్టు కనిపించే నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు.

వంట అయ్యాక నిప్పుల మీద నీళ్లు పోయకండి, వేడి రేకు వంకర పోతుంది. మూతేసి గాలి కన్నాలు మూసేస్తే అవే ఆరిపోతాయి. పొద్దున్నే జల్లిస్తే బూడిద కిందికి పోతుంది, సగం కాలిన బొగ్గులు పైన మిగులుతాయి. వాటికి కొన్ని కొత్తవి కలిపితే వచ్చే ఆదివారానికి సరిపోతాయి.