గాలి మీటర్, ప్యూరిఫైయర్: హైదరాబాద్‌లో నాలుగు చలికాలాలు వాడాక

మా అమ్మకు ఆయాసం ఉంది, పదిహేనేళ్లుగా ఇన్‌హేలర్ వాడుతోంది. మేం ఉండేది మోతీనగర్‌లో, మూడో అంతస్తులో. 2021 నవంబర్‌లో అరచేతిలో పట్టేంత గాలి మీటర్ ఒకటి కొన్నాను. నెల తిరక్కుండానే అమ్మ పడుకునే గదికి ప్యూరిఫైయర్ కూడా తెచ్చాను. రెండిట్లో నాకు ఎక్కువ పనికొచ్చింది మీటరే. ఎందుకో చెప్తాను.

కొన్న మూడో రోజు తెల్లవారుజామున ఐదున్నరకు అమ్మ వాకింగ్‌కు చెప్పులేసుకుంటోంది. మీటర్‌ను బాల్కనీలో పెట్టి చూస్తే పీఎం 2.5, అంటే గాలిలో ఊపిరితిత్తుల్లోకి దూరేంత సన్నటి కణాల అంకె, 118. అదే చోట మధ్యాహ్నం మూడింటికి 41. మీటర్‌దే తప్పనుకుని వారం రోజులు గంటగంటకీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ప్రతిరోజూ అదే వరస. మాకు దగ్గర్లోని సనత్‌నగర్ ప్రభుత్వ స్టేషన్ లెక్కలతో పోల్చి చూశాను. అంకెలు అచ్చంగా కలవలేదు కానీ, రెండూ పెరిగే వేళ, తగ్గే వేళ ఒక్కటే.

తర్వాత కారణం తెలుసుకున్నాను. చలికాలంలో మబ్బు లేని రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. నేలనంటి ఉన్న గాలి చల్లగా, దానిపైన ఉన్నది వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి పొర గిన్నె మీద మూతలా పనిచేస్తుంది. బండ్ల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, చలిమంటల పొగ అన్నీ మూత కిందే ఉండిపోతాయి. విశాఖలోలా పగలూ రాత్రీ దిశ మార్చుకునే సముద్రపు గాలి మనకు లేదు. ఎండెక్కి నేల కాగాకే మూత లేస్తుంది. మా బాల్కనీలో అంకె దిగడం మొదలయ్యేది పదింటి తర్వాతే.

అమ్మకు చెప్తే ఒప్పుకోలేదు. "పొద్దుగాల గాలి మంచిగుంటది బిడ్డా, చిన్నప్పటి సంది గదే అలవాటు" అంది. నేను వాదించలేదు. వారం లెక్క రాసిన పేజీ చూపించాను. ఒక రోజు పార్కుకు మీటర్ తనతోనే పంపాను. తిరిగొచ్చి మాట్లాడకుండా కూర్చుంది. మర్నాటి నుంచి వాకింగ్ సాయంత్రం నాలుగింటికి మారింది. నవంబర్, డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దున తలుపులు బార్లా తీసే అలవాటు కూడా మానేశాం. ఇప్పుడు పదకొండింటికి తీసి, చీకటి పడకముందే మూస్తాం. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

మీటర్ కొనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. నా మీటర్ మొదట ఏక్యూఐని, అంటే గాలి నాణ్యత సూచీని, అమెరికా లెక్కలో చూపించేది. ఘనపు మీటర్ గాలిలో 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే మన లెక్కలో ఏక్యూఐ 100, అమెరికా లెక్కలో 150 దాటుతుంది. ఇది తెలియక మొదటి రెండు రోజులు ఊరికే టెన్షన్ పడ్డాను. సెట్టింగ్స్‌లో మైక్రోగ్రాములకు మార్చుకోండి. మన దేశంలో 24 గంటల సగటుకు పరిమితి 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన పరిమితిని 15కి దించింది. నేను 15నే మనసులో పెట్టుకుంటాను. చలికాలంలో అది అందదని తెలుసు, అయినా సరే.

వానాకాలంలో గట్టి వాన కురిసిన సాయంత్రం బాల్కనీలో అంకె పది లోపు చూశాను. ఆ రోజుల్లో ప్యూరిఫైయర్ ఆపేస్తాం. కానీ పొగమంచు, తేమ ఉన్న పొద్దుల్లో మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తేమకు కణాలు ఉబ్బుతాయి, మీటర్‌లో కణాలను లెక్కబెట్టే లేజర్‌కు పెద్దగా కనిపిస్తాయి. మరో సంగతి, వానలకు గోడ చెమ్మెక్కి బూజు పట్టినప్పుడు అంకె బాగానే ఉన్నా అమ్మకు ఆయాసం వచ్చింది. బూజు మీటర్‌కు తెలియదు. అంకె చూసి ధైర్యపడిపోకూడదని నేర్చుకున్నది అప్పుడే.

ఎండాకాలంలో పీఎం 2.5 చలికాలమంత ఉండదు, దుమ్మే ఎక్కువ. ఇలాంటి చిన్న మీటర్లు పెద్ద ధూళి కణాలను సరిగ్గా పట్టలేవు. ప్యూరిఫైయర్ ముందు జాలీ మాత్రం పట్టేస్తుంది. మేలో వారానికోసారి కడిగినా మట్టి నీళ్లే. కూలర్ వాడే ఇంట్లో ప్యూరిఫైయర్ దండగ. కూలర్ పనిచేయాలంటే కిటికీ తెరిచి ఉండాలి, అప్పుడు బయటి గాలంతా లోపలే.

ఇంట్లో పొగ సంగతి నేను అసలు ఊహించలేదు. ఎండుమిర్చితో పోపు వేసినా, దోమల చుట్ట వెలిగించినా, పూజలో నాలుగు ఊదుబత్తులు పెట్టినా అంకె రోడ్డు మీది కంటే పైకి పోయింది. దోమల చుట్ట మానేసి తెర కట్టాం. పోపు వేసేటప్పుడు వంటింటి ఫ్యాన్ తప్పనిసరి. ఊదుబత్తి ఒక్కటే, అదీ కిటికీ పక్కన. దీపం ఎప్పటిలాగే ఉంది. దీపావళి రాత్రి, భోగి తెల్లవారుజాము మాత్రం తలుపులన్నీ మూసి అమ్మను గదిలోనే ఉంచుతాం. భోగి మంట దగ్గర నిలబడటం అమ్మకు ఎంత ఇష్టమో తెలుసు కాబట్టి, ఆ పూట నాకు బాధగానే ఉంటుంది.

ఇక ప్యూరిఫైయర్. తలుపు మూసిన ఒక్క గదిలో అరగంటలో 90 నుంచి 20కి దించుతుంది. అమ్మ రాత్రి దగ్గుతో లేవడం తగ్గింది. మందులు మాత్రం డాక్టర్ చెప్పినట్టే వాడుతోంది. హాలుకు, వంటింటికి కలిపి ఒక్కటి పెడితే ఏమీ ప్రయోజనం లేదు. కొన్ని రాత్రుళ్లు గాలిలో రసాయనాల వాసన వస్తుంది. హెపా ఫిల్టర్ కణాలనే పడుతుంది, వాయువులను పట్టదు. లోపల ఉన్న పలచటి కార్బన్ పొర ఆ వాసనను ఆపలేకపోయింది. నన్ను ఎక్కువ విసిగించింది ఫిల్టర్. రెండో ఏడు డిసెంబర్‌లో ఆర్డర్ పెడితే కంపెనీ వాళ్లు ఇదిగో అదిగో అంటూ ఏడు వారాలు తిప్పారు. అప్పటికి చలే పోయింది. ఇప్పుడు సెప్టెంబర్‌లోనే కొని అటక మీద పెడుతున్నాను. మూడో ఏటికి మీటర్ కూడా దుమ్ము పట్టి ఎప్పుడు చూసినా ఒకే అంకె దగ్గర నిలిచిపోయింది, కొత్తది కొనాల్సి వచ్చింది.

మిగిలింది పార్కు గేటు. మా పార్కు పొద్దున ఐదింటికి తెరిచి తొమ్మిదికి మూసేస్తారు. పదికి గాలి బాగుపడేసరికి తాళం. పొద్దున్నే అలవాటున్న పెద్దవాళ్లందరూ చెడ్డ వేళలోనే నడుస్తున్నారు. పోయిన నెల నా నోట్‌బుక్, మీటర్ పట్టుకుని కాలనీ సంఘం వాళ్ల దగ్గరికి వెళ్లాను. డిసెంబర్, జనవరి రెండు నెలలు మధ్యాహ్నం పన్నెండు దాకా గేటు తీసి ఉంచుతామన్నారు.